కప్పులేని దేవాలయము
లిస్బన్‌లో మొదలై డౌరో లోయ ద్రాక్షతోటలలో ముగియు యాత్రయందు దర్శించిన లిస్బన్ కార్మో మఠము, 1755 నవంబరు 1న, సకల పునీతుల పండుగనాడు, భక్తులు చర్చిలలో ప్రార్థనామగ్నులై యుండగా సంభవించిన భూకంపమున కప్పు కూలి, నేటికిని ఆకాశమునకే తెరచుకొని నిలిచియున్నది.

ప్రార్థించువారినే దైవమేల శిక్షించును? అది పాపఫలమని బోధించిన జెసూయిట్ గురువు మలగ్రీద మాట నాకు సమ్మతము కాదు—1761లో ఆ వృద్ధునికి మరణదండన విధించుటయు ఘోరమే. పసిబిడ్డల మరణమునకు పాపమును కారణముగా చూపుట దైవమును సమర్థించుట కాదు, అవమానించుట. ఆ భూకంపము పిమ్మట మృతులను తరలించి, బ్రతికినవారికి అన్నము సమకూర్చి, నగరమును మరల నిర్మింప బూనిన మంత్రి, తదుపరి పొంబాల్ ప్రభువుగా ప్రసిద్ధుడైనవాడు, 1756లోనే డౌరో ద్రాక్షసీమకు ఎల్లలు నిర్ణయింపజేసెను. అనంతరము పాతించిన ఆ ఎల్లరాళ్లలో కొన్ని నేటికిని కొండవాలులపై నిలిచియున్నవి.