ఆజ్ఞ పొందినవాడు

ఎవరును చెప్పకుండ చేసిన మేలు గొప్పదా? చెప్పినందున చేసిన మేలు గొప్పదా? ఎవరిని అడిగినను, ఇష్టపూర్వకముగా చేసినదే గొప్పదందురు. యూదుల రబ్బీలు దీనికి విరుద్ధముగా తీర్పు చెప్పిరి. ఆ తీర్పు తల్మూదులో కిద్దుషీన్ అను భాగమున నున్నది.

అష్కెలోను పట్టణములో దామా బెన్ నెతీనా అను అన్యుడుండెను. ఏఫోదునకు కావలసిన రత్నములు కొనుటకు పెద్దలు అతనియొద్దకు వచ్చిరి. ఆ బేరములో లాభము ఆరు లక్షలని కథ. అయితే తాళపుచెవి నిద్రించుచున్న తండ్రి తలక్రింద నుండెను. దామా తండ్రిని లేపలేదు, బేరము పోయెను. మరుసటి సంవత్సరము అతని మందలో, సంఖ్యాకాండము 19వ అధ్యాయము కోరునట్టి ఎఱ్ఱని పెయ్య పుట్టెను. పెద్దలు మరల వచ్చిరి. ఎంత అడిగినను వారిత్తురని అతడెరుగును. అయినను తండ్రి నిమిత్తము పోగొట్టుకొనిన మొత్తము మాత్రమే అడిగెను.

తలిదండ్రులను సన్మానింపుమని సీనాయియొద్ద ఆజ్ఞ పొందిన జనములో అతడు లేడు. అందుచేత అతనినే అధికముగా పొగడవలెనని తోచును. రబ్బీ హనీనా మాత్రము, ఆజ్ఞ లేకయే చేసినవానికి ఇంత ఫలము కలిగినయెడల ఆజ్ఞ పొంది చేయువానికి మరెంత కలుగునని తలంచి, ఆజ్ఞ పొంది చేయువాడే గొప్పవాడని తేల్చెను.

12, 13 శతాబ్దులలో ఫ్రాన్సు, జర్మనీ దేశముల వ్యాఖ్యాతలు ఇందుకు కారణము చెప్పిరి: ఆజ్ఞ గలవానికి తప్పిపోదునేమో యను చింత యెక్కువ. ఇది లోకానుభవమునకు సరిపోవు మాటయే. రోగిని చూడవచ్చిన పొరుగువాడు రెండు గంటలు సేవచేసి, అందరి మెప్పు పొంది, అలసినప్పుడు ఇంటికి పోవును. కుమారుడు పోలేడు. నడిరేయి తండ్రి మూడవమారు పిలిచినప్పుడు అతనికి ప్రేమకంటె విసుగే ముందు వచ్చును, అయినను లేచును. ధర్మశాస్త్రమనగా మెడమీది కాడియేయని చెప్పుటకు అలవాటుపడినవారు ఈ కుమారుని ఒకమారు తలంచుకొనవలెను.

అయినను చిక్కు పూర్తిగా తీరలేదు. ఆజ్ఞ చేతులను కట్టగలదు గాని హృదయమును కట్టగలదా? దామా తండ్రి నిద్ర చెరుపకుండుటకు ఏ ఆజ్ఞయు అవసరము కాలేదు. రబ్బీలును ఆ సౌందర్యమును కాదనలేదు; తండ్రిని ఎంతవరకు సన్మానింపవలెనని అడిగినవారికి ఆ అన్యునే చూపిరి.

తరువాతి కాలమున బబులోనులో రవ్ యోసేపు అను గ్రుడ్డి పండితుడుండెను. యూదుల లెక్కచొప్పున ఆజ్ఞలు 613. గ్రుడ్డివారు వాటికి బద్ధులు కారని రబ్బీ యెహూదా అభిప్రాయము. బద్ధుడు కాకయే ఆచరించుచున్నందుకు తనకు అధిక ఫలమని యోసేపు మొదట తలంచి, యెహూదా మాటయే శాస్త్రమని ఎవరైనను చెప్పినయెడల పండితులకు విందు చేసెదననుకొనెను. హనీనా తీర్పు విన్న తరువాత మాట మార్చెను. శాస్త్రము అట్లు కాదనియు, గ్రుడ్డివాడును బద్ధుడేయనియు చెప్పువారున్నయెడల అప్పుడు విందు చేసెదననెను.