చౌక తుపాకి, ధర్మవిచారము

మాకవరపాలెము చుట్టుపట్ల చెరకు వేసిన రైతునకు అడవిపంది యొక తత్త్వసమస్య. వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలమేగి వరాహలక్ష్మీనరసింహస్వామి నిజరూపమునకు చేతులు మోడ్చిన యతడే, కార్తికము వచ్చుసరికి, గడలు విరిచి నమిలి మొదళ్లు పెళ్లగించి పోయిన జంతువును నోరార తిట్టుచు, తక్కువ వెలకు దొరకు తుపాకి యేదని వాకబు చేయును. ఇందు కపటమేమియు లేదు. దైవమునకును పంటకును నడుమ బ్రదుకువాని స్థితియే యట్టిది.

వెల మాట వచ్చినది కనుక తుపాకినే పరీక్షింతము. సైన్యమునకు చెందిన .303 బోరు సామాన్యులకు నిషిద్ధమగుటచే, ప్రభుత్వాయుధ కర్మాగారములు పౌరులకొరకు .315 బోరు బోల్టు రైఫిలును తయారుచేసినవి. అది నాజూకైన వస్తువు కాదు, దిట్టమైనది. పేల్చిన పిమ్మట బోల్టు పిడిని పైకెత్తి వెనుకకు లాగినగాని ఖాళీ గుల్ల వెలికి రాదు; మరల ముందునకు త్రోసి క్రిందికి వంచినగాని రెండవ తూటా పేలదు. ఈ జాగును కొందరు లోపమందురు. నేను గుణమే యందును. ఆ వ్యవధిలో కన్ను లక్ష్యమును తిరిగి వెదకుకొనవలెను, మనస్సు మరియొకమారు సమ్మతింపవలెను.

మన యితిహాసములు వేటగానిని వధకన్న అవిచారమునకే కఠినముగా దండించినవి. కడవ నిండు చప్పుడును ఏనుగు నీరు త్రాగు చప్పుడని తలచి, చూడకయే బాణము విడిచిన దశరథుడు పుత్రశోకమున మరణించెను. మృగరూపమున నున్న కిందముడను ముని పాండురాజును నిందించినది జంతువును కొట్టినందుకు కాదు, అది జతకూడియుండగా కొంతసేపు ఆగనందుకు.

ఈ దృష్టితో చూచినచో చవుకదనమునకు వేరొక యర్థము తోచును. 1959 నాటి ఆయుధచట్టము పంటరక్షణకై పేర్కొన్నది మూతినుండి మందు దట్టించు తుపాకిని. దాని గురి నమ్మరానిది. గాయపడిన పంది పొదలలో దూరి దినములకొలది కుళ్లి చచ్చును. అంతకన్నను చౌక, పొలము చుట్టు కట్టు కరెంటు తీగ. దానికి గురియే లేదు, కన్నే లేదు. పందిని, పశువును, తెల్లవారుజామున నీరు కట్టవచ్చిన మనుష్యుని ఒకే తీరున చంపును. వెల తగ్గినకొలది చంపువాడు చావునకు దూరమగుచున్నాడు. దూరమగుకొలది తన చేతిలో పాపమున్నదను ఎరుకయు తగ్గుచున్నది. ఒక్క దెబ్బతో ప్రాణము తీయగల రైఫిలు వీనికన్న దయగలదనుట వింతగా తోచినను నిజము. అయినను ఆ దయ చూచి కాచుకొను వానిదేగాని ఇనుముది కాదు. తొందరపాటువాని చేత నున్న మంచి రైఫిలు దశరథుని శబ్దవేధి బాణమే యగును.

వినోదమునకై వేటాడువానికి ఈ వాదమేదియు అక్కరకు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. పంట పాడుచేయు జంతువును చంపుటకైనను అధికారానుమతి కావలయును. కావున చెరకు రైతు ముందుగా కరెంటు తీగను విప్పి, అటవీశాఖకు అర్జీ పెట్టుకొనవలెను. తుపాకి వెల ఆ తరువాత అడుగవచ్చును.