తుప్పు గీకవలెను



అమెరికాలో 1956 నాటి ఫోర్డ్ ఎఫ్-100 పికప్ బండిని బాగుచేయువారు, తొడుగు చిట్లిన పాత వైర్లన్నీ తీసివేసి కొత్త వైరింగ్ హార్నెస్ బిగింతురు. అయినను ఒక్కొక్కప్పుడు హెడ్‌లైటు మసకగానే వెలుగును. కారణమేమి? బ్యాటరీనుండి వచ్చిన కరెంటు బండి ఇనుప చట్రము గుండా తిరిగి బ్యాటరీకి చేరవలెను. ఆ ఎర్త్ బిగించిన చోట తుప్పున్నచో దారి మూసుకొనును. లోహము మెరియువరకు గీకి బిగించవలెను.

మనమును క్రీస్తునందు నూతన జీవము పొందితిమి, బాప్తిస్మము తీసికొంటిమి. కాని పక్క బెంచీలోని సహోదరునితో ఏండ్లతరబడి మాటలు లేవు! పరభాషల నడుమనున్న మన చిన్న సంఘములో ఆ మసక వెలుగు ఊరందరికి కనబడును.

కానుకను బలిపీఠమునొద్ద విడిచి ముందు సమాధానపడుమని ప్రభువు ఆజ్ఞ (మత్తయి 5:23-24). రాబోవు ప్రభురాత్రి భోజనమునకు ముందే ఆ ఇంటి తలుపు తట్టుదము. ఆమేన్.