లెక్కలోకి రాని బిడ్డ

“ఎంతమంది పిల్లలు?” అని ఎంత సులువుగా అడిగేస్తాం! మా అమ్మమ్మ మాత్రం ఆ ప్రశ్నకి రెండు లెక్కలు చెప్పేది. “కన్నది ఎనిమిదిమందిని, దక్కింది అయిదుగురు” అని. ఆ ముగ్గుర్నీ ఏ ఆఫీసులోనూ ఎవరూ రాసుకోలేదు.

మొన్న బర్మింగ్‌హామ్ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. 2019లో దానికి 23వ వారంలోనే కాన్పయి, బిడ్డ చనిపోయి పుట్టింది. ఇంగ్లండులో 24 వారాలు నిండాక అలా పుడితేనే రిజిస్టర్లో రాస్తారు. అంతకుముందైతే గర్భస్రావమే. ఒక్క క్షణం ఊపిరి పీల్చి పోయినా సరే, జననం, మరణం రెండూ రాస్తారట! “ఇంకొక్క వారం మోసి ఉంటే నా కూతురు లెక్కలో ఉండేదక్కా” అంది. ఏం చెప్పను?

ఆ గీత దేవుడు గీసింది కాదు. అక్కడ మృతశిశువుల నమోదు 1927లో మొదలైనప్పుడు అది 28 వారాల దగ్గర ఉండేది. ఆ రోజుల్లో వెయ్యి కాన్పుల్లో సుమారు 40 అలాంటివే. తర్వాత బాగా తగ్గాయి. నెలలు తక్కువ పిల్లలూ బతుకుతున్నారు గనక 1992 అక్టోబరులో గీతని 24కి జరిపారు. మరుసటి ఏడాది లెక్కల్లో మరణాలు అమాంతం పెరిగాయి. పెరిగింది మరణాలా, వాటిని చూసే చూపా?

2010లో వెయ్యికి 5.1 ఉన్నవి 2023కి 3.9 అయ్యాయి. 2025కల్లా సగం చేస్తామన్న సర్కారు మాటకి అది చాలా దూరం. పేద పేటల్లో, నల్లజాతి తల్లుల్లో, మన ఆసియా తల్లుల్లో ఇంకా ఎక్కువ. ఒకే దేశం, ఒకే వైద్యం అంటారే, మరి ఈ తేడా ఏమిటి?

పోనీ, గీతని ఇంకా కిందికి జరపమందామా? అక్కడి గర్భస్రావ చట్టం కూడా 24 వారాలతోనే ముడిపడి ఉంది. పైగా పోయిన గర్భాన్ని మరిచిపోదామనుకునే ఆడదాన్ని ఆఫీసుకి రప్పించి సంతకం పెట్టించడం ఏం న్యాయం?

అందుకే కాబోలు, 2024 ఫిబ్రవరి నుంచి, 24 వారాల లోపు బిడ్డని పోగొట్టుకున్నవాళ్లు అడిగితే ఒక సర్టిఫికెట్ ఇస్తున్నారు. ఇది తెప్పించుకుంది. “చట్టంలో చెల్లని కాగితం ఎందుకే?” అనేశాను. నోరు జారాక నాలిక కరుచుకున్నాను.

“అమ్మమ్మ లెక్కకి మాత్రం ఏ కాగితం ఉందక్కా?” అంది.

కావాలంటే బిడ్డ పేరూ రాయించుకోవచ్చట. ఏం పేరు రాయించిందో నేనడగలేదు. ఈసారి ఫోన్ చేస్తే ముందు అదే అడగాలి.