సినిమాకి ఒక్కడే వెళ్ళడం గురించి

ఫిబ్రవరి, మార్చి నెలలు తెలుగు సినిమా వ్యాపారానికి ఎండుకాలం. సంక్రాంతి సినిమాలు వెళ్ళిపోయి ఉంటాయి, వేసవి సినిమాలు ఇంకా రావు, ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో టీవీ కూడా బంద్. సరిగ్గా అదే సమయంలో ఆస్కార్ల హడావిడి మొదలవుతుంది. నామినేషన్లు వస్తాయి, జాబితాలు వస్తాయి. మా ఆఫీసులో నాలాంటి నలుగురం ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకుంటాం: ఏవి చూశాం, ఏవి మిగిలాయి, దేనికి ఎంత. వాటిలో హైదరాబాద్‌కి వచ్చేవాటిని నేను చాలావరకు ఒక్కడినే చూస్తాను. వారం మధ్యలో పొద్దుటి ఆటకి వెళితే మల్టీప్లెక్స్‌లో పదిమంది ఉంటారు, దాదాపు అందరూ ఒంటరివాళ్ళే, ఒకరికీ ఇంకొకరికీ మధ్య నాలుగేసి సీట్లు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు.

మా వేములవాడలో అలా కుదరదు. ఈ ఊరికి ఎవరూ ఒక్కరే రారు. రాజన్న గుడికి పుట్టువెంట్రుకలకో, కోడె మొక్కుకో వచ్చేవాళ్ళు ఆటోల నిండా, వ్యాన్ల నిండా చుట్టాలతో దిగుతారు. శివరాత్రి జాగారం ఒక్కడే చేసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. సినిమా కూడా ఇక్కడ ఆ లెక్కలోదే. "సినిమాకు పోతున్న" అంటే మా అమ్మ మొదట అడిగేది ఏ సినిమా అని కాదు, "ఎవలెవలు పోతున్నరు?" అని. "నేనొక్కన్నే" అంటే ఆమె ముఖంలో కనిపించేది కోపం కాదు, అనుమానం. వీనికేమైంది?

ఆ అనుమానాన్ని పల్లె చాదస్తం అని కొట్టేయడం సులభం. కానీ అందులో ఒక అసలైన ప్రశ్న ఉంది. ఒక్కడివే చూసి, చూసినదాన్ని ఏం చేసుకుంటావు? ఎవరి ముందు పెడతావు?

దీనికి సినిమా పిచ్చివాళ్ళందరి దగ్గరా ఒక తయారు జవాబు ఉంటుంది. ఒంటరిగా చూస్తేనే సినిమా నిజంగా చూసినట్టు అని. పక్కన దోస్తు ఉంటే వాడు నవ్వాడా లేదా అని ఓ కన్ను అటే ఉంటుంది. మనం లాక్కొచ్చిన సినిమా అయితే మరీ కష్టం, అది బాలేకపోతే మనమే తీసినట్టు సిగ్గుపడాలి. ఇంటర్వెల్‌లో ఏదో ఒక అభిప్రాయం చెప్పాలి, ఇంకా అది మనలో తయారు కాకముందే. ఒక్కడే వెళితే ఇవేవీ లేవు. ఇదంతా నిజమే. కానీ అవార్డుల కాలంలో ఒక్కడే వెళ్ళేవాడు స్వేచ్ఛగా ఏమీ లేడని నా అనుమానం. వాడు జ్యూరీ సభ్యుడి లాగా వెళుతున్నాడు. మా పనిలో కోడ్ రివ్యూ అని ఒకటుంటుంది. ఎవరో రాసిన ప్రోగ్రాంని ఇంకొకరు తప్పుల కోసం చదవడం. దానికి కావలసిన చూపు వేరు. ఆ ప్రోగ్రాం ఎవరికి ఏ పని చేసిపెడుతుందన్నది ఆ పూట రివ్యూయర్‌కి పట్టదు. జాబితా పట్టుకుని సినిమాకి వెళ్ళినప్పుడు నాది అచ్చంగా అదే చూపు. తెర మీద ఒక తల్లి ఏడుస్తుంటే, నటన బాగుంది, నామినేషన్ న్యాయమే అనుకుంటాను.

2023 మార్చి సంగతి చెప్పాలి. ఆ నెల 13 పొద్దున, అమెరికాలో 12 రాత్రి, 'నాటు నాటు' పాటకి ఆస్కార్ వచ్చింది. కీరవాణి, చంద్రబోస్ వేదికెక్కారు. చంద్రబోస్‌ది వరంగల్ వైపు చల్లగరిగ అనే ఊరు కాబట్టి మా వైపు ఆ సంతోషం ఇంకాస్త ఎక్కువ. దానికి పది రోజుల ముందు, మార్చి 3న, 'బలగం' విడుదలైంది. తీసింది సిరిసిల్ల వేణు ఎల్దండి, చూపించింది మా చుట్టుపక్కల పల్లెల్ని. లోకమంతా లాస్ ఏంజెలిస్ వైపు చూస్తుంటే, మా ఊళ్ళకు పది పదిహేను కిలోమీటర్ల దూరంలో తీసిన సినిమా మా థియేటర్లలో ఆడుతోంది.

ఆ సినిమా కథ చాలామందికి తెలిసిందే. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. దినాలకు పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. ముట్టకపోవడానికి కారణం ఇంట్లో ఉంది. ఇరవై ఏళ్ళ కింద ఒక విందులో నల్లి బొక్క దగ్గర మొదలైన బావా బామ్మర్దుల గొడవలో ఆయన బిడ్డ పుట్టింటికి రావడమే మానేసింది. బయటివాళ్ళకి నల్లి బొక్క హాస్యంగా అనిపించవచ్చు. మా దిక్కు కాదు. మర్యాద తప్పిందంటే ఎంత చిన్న వస్తువు దగ్గర తప్పిందన్నది లెక్కలోకి రాదు.

మా ఇంట్లో అది నల్లి బొక్క కాదు, ఒక గెట్టు. బాపు, చిన్నబాపు మాట్లాడుకోక అప్పటికి తొమ్మిదేళ్ళు. ఒకే వాడలో ఉంటారు, ఒకే హోటల్లో చాయ్ తాగుతారు, వేర్వేరు టైముల్లో. ఈ సినిమా దేని గురించో నాకు ముందే తెలుసు. కాబట్టే ఒక్కడినే వెళ్ళాను. అమ్మ పక్కన కూచుని ఆ సినిమా చూడటం నావల్ల కాదనిపించింది. ఆమె ఏడిస్తే నేనేం చేయాలి? బాపు పక్కన అయితే ఇంకా కష్టం, ఆయన ఏడవకపోతే ఏం చేయాలి?

కాబట్టి ఒక్కడే వెళ్ళడంలో రెండు రకాలున్నాయి. ఒకటి తీర్పు చెప్పడానికి, రెండోది తీర్పు తప్పించుకోవడానికి. నేను ఆరోజు వెళ్ళింది రెండోదానికి. హాల్లో చీకట్లో అందరితో పాటు నేనూ ఏడ్చాను. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతుల బుడగజంగాల పాట వస్తున్నంతసేపూ హాల్లో ముక్కులు చీదుకునే చప్పుడు తప్ప ఇంకేం లేదు. లైట్లు వేసేలోపే బయటకొచ్చి బండి తీశాను.

భరతుడి నాట్యశాస్త్రంలో ఇరవై ఏడో అధ్యాయం ఈ విషయంలో నాకు చాలా ఇష్టం. నాటకం సఫలమైందని ఎట్లా తెలుస్తుంది అన్నది అందులో ప్రశ్న. ప్రేక్షకులు నవ్వడం, కన్నీళ్ళు పెట్టుకోవడం, ఆహా అనడం, లేచి నిలబడటం, ఒంటి మీది వస్త్రాలు తీసి ఇవ్వడం, ఇవన్నీ మానుష సిద్ధి. దానికంటే పైది దైవిక సిద్ధి: ప్రేక్షాగృహం నిండి ఉండాలి, చప్పుడు మాత్రం ఉండకూడదు. అదే అధ్యాయంలో జ్యూరీ కూడా ఉంది. ప్రాశ్నికులు అంటాడు వాళ్ళని. యజ్ఞం తెలిసినవాడు, నటుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణవేత్త, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజోద్యోగి. ఎవరికి తెలిసిన సంగతి మీద వాళ్ళు తీర్పు చెప్పాలి. గెలిచినవాడికి పతాక. అంటే అవార్డుల కాలం మనకి ఆస్కార్లతో రాలేదు, అప్పటినుంచే ఉంది. కానీ భరతుడు ఉత్తమ ప్రేక్షకుణ్ణి ఈ పదిమందిలో వెతకలేదు. తెర మీద సంతోషానికి సంతోషపడి, దుఃఖానికి దుఃఖపడేవాడే ప్రేక్షకుడన్నాడు. నిండిన హాలు, నిశ్శబ్దం, అందులో ఒక్కొక్కడూ విడిగా కరిగిపోవడం: ఒంటరి ప్రేక్షకుడికి ఇంతకంటే పెద్ద సమర్థన నాకు కనపడదు. పక్కన మనవాళ్ళెవరూ లేనందువల్లే మనం హాలంతటికీ చెందుతాం.

అవార్డులు ఇచ్చే చేతుల గురించి కూడా ఒక మాట. ఇందులో మా ఊరిది పాత చరిత్రే. పదో శతాబ్దంలో వేములవాడ చాళుక్యరాజు అరికేసరి తన కొలువులోని కన్నడ మహాకవి పంపడికి ధర్మవురం అనే అగ్రహారం ఇచ్చాడు. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం ఆ సంగతి చెబుతుంది. తెలుగులో మనకు దొరికిన తొలి కందపద్యాలు ఉన్నదీ ఆ శాసనంలోనే. అగ్రహారం తెచ్చిపెట్టిన కావ్యం విక్రమార్జున విజయం. అందులో అర్జునుడే అరికేసరి. కథానాయకుడే కవికి బహుమతి ఇచ్చాడన్నమాట. నంది అవార్డులు 1964లో మొదలై, రాష్ట్రం విడిపోయాక కొన్నాళ్ళకి ఆగిపోయాయి. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో అవార్డులు ప్రకటించి, 2025 జూన్‌లో అన్నేళ్ళ బాకీ ఒకేసారి తీర్చింది. జీవితమంతా ప్రభుత్వాలకు ఎదురుగా పాడిన మనిషి పేరు ప్రభుత్వ అవార్డుకు! పంపడికి ఈ తమాషా అర్థమయ్యేది. 2023 ఉత్తమ చిత్రంగా 'బలగం' ఎంపికైంది. న్యాయమే అనుకున్నాను. ఆ 'న్యాయమే' అన్న మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చూడండి.

ఈ లోపల ఊళ్ళల్లో ఇంకొకటి జరిగింది. మార్చి నెల చివరికల్లా 'బలగం' అమెజాన్ ప్రైమ్‌లోకి వచ్చింది, ఆ తర్వాత పల్లె పల్లెలో పంచాయతీ ముందరో, బడి గ్రౌండ్‌లోనో తెర కట్టి ఊరందరికీ వేశారు. పొద్దుగూకే వేళకు చాపలు, కుర్చీలు పట్టుకుని జనం వచ్చారు. చూసి, ఏళ్ళ తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు కలిసిపోయారని పేపర్లలో వార్తలు వచ్చాయి. అమ్మ తన పుట్టింటి ఊళ్ళో అట్లా చూసింది. చూసొచ్చి సినిమా గురించి ఏమీ అనలేదు, ఎవరు ఎట్లా ఏడ్చారో చెప్పింది. ఫలానా వదిన ఫలానా మరదలి చేయి పట్టుకున్నది. ఫలానాయన మధ్యలోనే లేచి పోయిండు, అందరు చూసిన్రు.

అందరూ చూశారు. అసలు సంగతి అక్కడుందని నాకు తోస్తుంది. నా కన్నీళ్ళకు సాక్షి లేడు. ఆ గ్రౌండ్‌లో ఏడ్చినవాడిని తెల్లారి చాయ్ హోటల్లో ఎవరైనా అడగొచ్చు: రాత్రి అంత ఏడిస్తివి, మరి నీ తమ్మునితో ఎప్పుడు మాట్లాడతవు? ఆ ప్రశ్న వేసే హక్కు పక్కన చాప మీద కూచున్నవాడికి వచ్చేసింది. కలిసి చూడటం అంటే ఆ హక్కు ఒకరికొకరు ఇచ్చుకోవడం. నేను హాల్లో ఏడ్చినదానికి అలాంటి బాకీ ఏమీ లేదు. టికెట్ డబ్బులతో లెక్క తీరిపోయింది.

కాంట్ 1790లో రాసిన పుస్తకంలో ఒక మాట అంటాడు: ఇది అందంగా ఉంది అని చెప్పినవాడు తన ఇష్టం చెప్పి ఊరుకోవడం లేదు, అందరి ఒప్పుకోలూ అడుగుతున్నాడు. ఒక్కడే చూసినా, బాగుందని అనగానే వాడు పదిమందిలోకి వచ్చేసినట్టే. ఒప్పుకుంటాను. కానీ ఆ పదిమంది అడిగేది 'ఎందుకు బాగుంది' అని మాత్రమే. 'మరి నువ్వేం చేస్తావు' అని అడగరు. మంచి చెడ్డల లెక్క నైపుణ్యాల లెక్కగా మారిపోవడం అంటే ఇదే. అవార్డుల కాలం చేసే పని కూడా ఇదేనేమో.

అయితే దీన్నిబట్టి గ్రౌండ్‌లో చూసినవాళ్ళు నాకంటే మంచివాళ్ళనీ, ఒంటరి ప్రేక్షకుడు పిరికివాడనీ అనడానికి నాకు మనసొప్పదు. నలుగురి ముందు ఏడ్చినదాంట్లో కొంత నలుగురి కోసం ఏడ్చింది ఉంటుంది. నలుగురి ముందు కలిసిన చేతులు ఎన్నాళ్ళు కలిసి ఉన్నాయో పేపర్లు మళ్ళీ రాయలేదు. లోపల ఏదీ కదలకుండానే, ఊరి మాట కోసం మాట్లాడుకునే అన్నదమ్ముల్ని కూడా చూశాం కదా. మనిషికి ఎవరూ అడగని చోట, తనంతట తాను కదిలే చోటు ఒకటి కావాలి. నేను ఇప్పటికీ ఒక్కడినే వెళుతున్నాను, వెళతాను. కాకపోతే అది ఎక్కువ నిజాయితీ అని మాత్రం అనను. బాకీ తక్కువ, అంతే.

బాపు కూడా ఒక్కడే చూశాడు. ఈ సంగతి అమ్మ చెప్పింది. ఒక రాత్రి మంచం మీద, ఫోన్లో, ఇయర్ ఫోన్లు పెట్టుకుని. పొద్దున అడిగితే "మంచిగనే తీసిండు" అన్నాడట. గెట్టు గెట్టులాగే ఉంది.

2025 ఆగస్టు 1న జాతీయ అవార్డులు ప్రకటించారు. తెలుగులో ఉత్తమ చిత్రం 'భగవంత్ కేసరి'. 'బలగం'కి పాట దగ్గర వచ్చింది, 'ఊరు పల్లెటూరు' రాసిన కాసర్ల శ్యామ్‌కి ఉత్తమ గీత రచయిత. ఆ సాయంత్రం బాపు ఫోన్ చేశాడు. "పాటకే ఇచ్చిన్రట గదరా. సిన్మకు ఎందుకియ్యలే? ఢిల్లీల కూసున్నోళ్ళకు పిట్ట ముట్టుడంటే ఏమెరుక?" అని మొదలుపెట్టాడు. నేను జ్యూరీ పద్ధతి చెప్పాను, ఆయన ఒప్పుకోలేదు. కొమురయ్య వేషం వేసినాయనకు ఏమన్నా రావాలె అన్నాడు, నేను ఒప్పుకున్నాను. పావుగంట మాట్లాడుకున్నాం. ఆ సినిమా గురించి మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదలు. అవార్డు సంగతి కాబట్టి మాట్లాడగలిగాం. ఎవరికి రావాలి, ఎందుకు రాలేదు అన్న ముసుగు లేకపోతే ఆ పావుగంట ఉండేది కాదు. అవార్డుల మీద నాకున్న విసుగు ఆ మేరకు తగ్గిందని చెప్పాలి.

ఫోన్ పెట్టేముందు అన్నాడు, "మీ చిన్నబాపు గూడ చూసిండట."

"ఎవలతోని?"

"ఏమో. ఒక్కడే కావచ్చు."