మిగిలినవాడే మేలైనవాడా?

మొన్న జుమా నమాజు తర్వాత ఇంటర్ చదివే ఒక అబ్బాయి మా దగ్గరకు వచ్చి ఇలా అడిగాడు: "మౌలానా సాబ్, నియాండర్తాల్ మనుషులు అంతరించిపోయారు, మనం మిగిలాం. అంటే మనం వాళ్ల కంటే గొప్పవాళ్లమనే కదా?" ప్రశ్న పాత ఎముకల గురించే. కాని జవాబు మన నడవడికకు సంబంధించింది. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

1856లో జర్మనీలోని నియాండర్ లోయలో, సున్నపురాయి తవ్వే కూలీలకు ఒక గుహలో కొన్ని ఎముకలు దొరికాయి. ఆ లోయ పేరే ఆ జాతికి స్థిరపడింది. యూరప్‌లో, పశ్చిమాసియాలో ఎంతో కాలం బ్రతికిన వారు సుమారు 40,000 ఏళ్ల క్రితం కనుమరుగయ్యారు. వారు తిరిగిన నేల మీద మనలాంటి మనుషులు స్థిరపడ్డారు.

1908లో ఫ్రాన్స్‌లోని లా షపెల్ ఓ సాం అనే ఊరి గుహలో ఒక వృద్ధుని అస్థిపంజరం దొరికింది. పారిస్ పండితుడు మార్సెలిన్ బూల్ దాన్ని పరిశీలించి, ఆ జాతివారు వంగి నడిచే మోటు మనుషులని తేల్చాడు. లోకం నమ్మింది. 1957లో స్ట్రాస్, కేవ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ ఎముకలను మళ్లీ చూశారు. వృద్ధుణ్ణి వంచింది కీళ్లవాతమనీ, ఆరోగ్యంగా ఉన్న అతని జాతివారు మనలాగే నిటారుగా నడిచేవారనీ చెప్పారు. అంటే, ఒక ముసలాయన రోగాన్ని జాతి మొత్తానికీ నీచత్వంగా అంటగట్టారన్నమాట!

ఇరాక్‌లోని కుర్దుల ప్రాంతంలో షానిదార్ అనే గుహ ఉంది. 1957లో రాల్ఫ్ సొలెకీ బృందానికి అక్కడ మరొక నియాండర్తాల్ మనిషి ఎముకలు దొరికాయి. అతని కుడి చెయ్యి చచ్చుబడిపోయింది. ముఖానికి తగిలిన దెబ్బకు ఎడమ కన్ను బహుశా పోయి ఉంటుంది. కాలు కుంటి. చెవులు కూడా సరిగా వినపడవని 2017లో వెలువడిన పరిశీలన చెప్పింది. అయినా ఆ గాయాలు మానిన తర్వాత అతను ఏళ్ల తరబడి జీవించాడు. క్రూరమృగాలు తిరిగే ఆ కాలంలో తోటివారి ఆసరా లేకుండా ఇది సాధ్యమా?

మరి వారెందుకు పోయారు? వాతావరణం మారడం, చిన్న చిన్న గుంపులుగా ఉండటం, కొత్తగా వచ్చినవారితో పోటీ, వారితో కలిసిపోవడం అని పరిశోధకులు పలు కారణాలు చెబుతారు. దయలేనివారు కాబట్టి పోయారని చెప్పే ఆధారమేదీ లేదు. పైగా 2010లో స్వాంటే పాబో బృందం వారి జన్యువులను చదివి, ఆఫ్రికా వెలుపలి ప్రజలందరిలోనూ వారి అంశ కొద్దిగా ఉందని చూపింది. మన తెలుగువారిలోనూ అది ఉంది. ఎవరిని చూసి గర్విస్తాం?

వారికీ హజ్రత్ ఆదమ్ (అలైహిస్సలాం)కూ గల సంబంధం వేరే చర్చ. దివ్య ఖుర్ఆన్ ఆదమ్ సృష్టికి తేదీ చెప్పలేదు, మనమూ చెప్పబోము. కాని ఆదమ్ కుమారుల గాథ మనందరికీ తెలుసు. హాబీల్ చనిపోయాడు, ఖాబీల్ మిగిలాడు. మిగిలినవాడు మేలైనవాడా? తమ్ముడి శవాన్ని ఎలా కప్పాలో ఒక కాకిని చూసి నేర్చుకోవలసి వచ్చిన హంతకుడతడు! అంతకు ముందు ఇబ్లీస్‌ను ముంచింది కూడా తన పుట్టుకే గొప్పదన్న గర్వం.

సోదర సోదరీమణులారా! ఈ గర్వం గుహల్లో లేదు, మన ఇళ్లల్లో ఉంది. తమ్ముడి వాటా కాజేసిన అన్న, "అల్లాహ్ నాకే ఇచ్చాడు" అంటాడు. నిజానికి అది అతనికి దొరికిన బహుమానం కాదు, పరీక్ష. మంచాన పడిన తండ్రినీ, చెయ్యి పనిచేయని కొడుకునూ "దేనికీ పనికిరాడు" అనేవారున్నారు. చదువు, లిపి లేని కాలంలో గుహవాసులు పోషించినవాణ్ణి, కలిమి ఉన్న మనం భారమంటున్నాం.

ఆ అబ్బాయికి మేము చెప్పిందిదే: "బాబూ, మిగలడం మన గొప్పతనం కాదు, మన మీద ఉన్న బాధ్యత. రేపు మన ఎముకలు ఎవరికైనా దొరికితే, మన మధ్య బలహీనుడు ఎలా బ్రతికాడో అవి చెబుతాయి. అవి చెప్పకపోయినా అల్లాహ్‌కు తెలుసు."

అల్లాహ్ మనల్ని గర్వం నుండి కాపాడి, బలహీనుల పట్ల దయ చూపే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.