ఏడు దినములు ఆగిన పాళెము

మూలవాక్యములు: లేవీయకాండము 13:4-6, సంఖ్యాకాండము 12:14-15



2025 జనవరిలో పుణే నుండి ఒక క్రొత్త మాట మన ఇళ్ళలోనికి వచ్చింది. గిలియన్-బారే సిండ్రోమ్. పత్రికలవారు దానిని జీబీఎస్ అని వ్రాశారు. సింహగఢ్ రోడ్డు ప్రాంతంలో ఒకరి తరువాత ఒకరు కాళ్ళలో బలము పోయి ఆస్పత్రులలో చేరారు. నెలాఖరులో, పుణే నుండి వచ్చిన ఒకరు మన సోలాపూరులోనే మరణించారనీ, అది ఈ వ్యాధివలన మొదటి మరణము కావచ్చుననీ వార్త వచ్చింది. పుణేకు పనికి పోయిన కొడుకో అల్లుడో ఉన్న ఇళ్ళు మనలో ఎన్నో. ఇది అంటుకుంటుందా? నీళ్ళవలన వచ్చినదా, కోడిమాంసమువలన వచ్చినదా? పండుగకు వచ్చిన పిల్లవాణ్ణి ప్రక్కన కూర్చోబెట్టుకోవచ్చునా? ప్రశ్నలు న్యాయమైనవే. అయితే జవాబు తెలిసినవారు కొద్దిమంది. జవాబు చెప్పినవారు మాత్రము అనేకులు.

ఇటువంటి దినములు మనకు క్రొత్త కాదు. 1994లో ప్లేగు వచ్చింది, 2020లో కరోనా వచ్చింది. రేపు వచ్చేదానికి ఇంకా పేరు పెట్టలేదు. కనుక మనము అడుగవలసిన ప్రశ్న ఇది: రోగము పేరు కూడ సరిగా తెలియని దినములలో విశ్వాసి ఎలా నడుచుకోవాలి? దేవుని వాక్యమునుండి మూడు సంగతులు చూద్దాము.

మొదటిది: యాజకుడు మరల చూచెను

లేవీయకాండము 13వ అధ్యాయము చదువుటకు మనకు విసుగు. పొడలు, మచ్చలు, వెండ్రుకల రంగు! కాని శ్రద్ధగా చదవండి. ఒకని చర్మముమీద మచ్చ కనబడింది. అది కుష్ఠో కాదో తెలియదు. యాజకుడు వెంటనే తీర్పు చెప్పడు. ఏడు దినములు వానిని ప్రత్యేకముగా ఉంచుతాడు. ఏడవ దినమున చూస్తాడు. ఇంకా తేలకపోతే మరి ఏడు దినములు. మరల చూస్తాడు. అప్పుడు గాని పవిత్రుడనో అపవిత్రుడనో చెప్పడు. తెలియనప్పుడు తెలియలేదని ఒప్పుకొని ఆగి చూచుట దేవుడు తన యాజకునికి పెట్టిన నియమము.

ఈ నియమమునకు మన కాలములో సాక్ష్యము కావాలంటే 1994 జ్ఞాపకము చేసుకోండి. అంతకు ముందటి సంవత్సరము సెప్టెంబరు 30న లాతూరు జిల్లా కిల్లారిలో భూకంపము వచ్చింది. 1994 ఆగస్టులో బీడ్ జిల్లా మామ్లా గ్రామములో గడ్డల ప్లేగు కనబడింది. సెప్టెంబరులో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు అన్నారు. 50 పైచిలుకు మంది చనిపోయారు. అది ప్లేగేనని కొందరు వైద్యులు, కాదని కొందరు వాదించారు. కేంద్ర ప్రభుత్వము నియమించిన నిపుణుల సంఘమునకు అధ్యక్షుడు శ్రీకాకుళములో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు. ఆ సంఘము పరీక్షలన్నీ చూచి, ప్లేగు క్రిమియేనని 1995లో తేల్చింది. అంతటితోనూ ఆగలేదు, హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ఆ క్రిమి జన్యువులను పరిశీలించి 2000లో మరల అదే మాట చెప్పారు. యాజకుడు మరల చూచినట్లే వీరును మరల చూచారు. నిపుణులకే ఇంత కాలము పట్టిన సంగతిని మనము నల్లా దగ్గర నిలబడి, బిందె నిండేలోపల తేల్చివేయవచ్చునా?

పుణే సంగతి కూడ అంతే. పరీక్షలు చేయగా కొందరి నమూనాలలో కాంపిలోబాక్టర్ అనే క్రిమి కనబడింది. ఇది కలుషితమైన నీటివలన, సరిగా ఉడకని మాంసమువలన కడుపులోనికి పోతుంది. దానితో పోరాడుటకు లేచిన మన దేహపు రక్షణశక్తి కొందరిలో దారి తప్పి, తన నరములమీదనే పడుతుంది. దొంగను తరుమబోయిన కాపలావాడు ఇంటివానినే కొట్టినట్లు. జీబీఎస్ అంటే ఇదే. ఆ రోగి ప్రక్కన కూర్చున్నందువలన అది మనకు అంటదు. ఆ మాట తెలియక ముందే ఎందరు కూర్చోవడము మానుకొన్నారో!

రెండవది: ప్రార్థన వినబడెను, ముద్దయు వేయబడెను

"ప్రార్థన ఉండగా ఆస్పత్రి ఎందుకు?" అనువారు మనలో ఉన్నారు. రెండవ రాజులు 20వ అధ్యాయము చూడండి. హిజ్కియా మరణకరమైన రోగములో కన్నీటితో ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, ఆయుస్సు పొడిగించాడు. అయినను యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు. వాగ్దానము వచ్చిన తరువాత కూడ మందు వేశారు! మందు వేసినందుకు ప్రవక్త విశ్వాసము తక్కువైనదని ఎవరైనా అనగలరా?

జీబీఎస్‌లో ఆలస్యము ప్రాణముమీదికి తెస్తుంది. పాదములలో తిమ్మిరి, మెట్లు ఎక్కలేకపోవుట, రెండు కాళ్ళలోను బలము తగ్గుట, తరువాత చేతులలో, మ్రింగుటలో, ఊపిరిలో కష్టము. విరేచనములు తగ్గిన కొన్ని రోజులకు గాని వారములకు గాని ఇవి మొదలవుతాయి. ఇలాంటి గుర్తులు కనబడితే తాయెత్తులకు, నూనెలకు రోజులు గడపక పెద్దాస్పత్రికి తీసుకొని పోవాలి. దీనికి మంచి చికిత్స ఉన్నది. తొలి రెండు వారములలో మొదలుపెడితే మేలు ఎక్కువ. ఎక్కువమంది కోలుకుంటారు, అయితే నెలలు పట్టవచ్చును. ప్రార్థన ఆటోలో కూడ చేయవచ్చును, ఆస్పత్రి వరండాలో కూడ చేయవచ్చును.

ఇంకొక మాట. 2020, 2021 సంవత్సరములలో కరోనావలన సంఘకాపరులు పోయారు, ప్రార్థనాపరులైన తల్లులు పోయారు. 91వ కీర్తన నమ్మినవారికి ఇలా ఎందుకైనది, వారి విశ్వాసములో లోపమున్నదా అని గుసగుసలాడినవారున్నారు. ఫిలిప్పీయుల పత్రిక 2వ అధ్యాయములో ఎపఫ్రొదితు కనబడతాడు. పౌలుకు పరిచర్య చేయుచు చావుకు సిద్ధమైనంత జబ్బుపడ్డాడు. పౌలు అతనిని అవిశ్వాసి అనలేదు. అట్టివారిని ఘనపరచండని సంఘమునకు వ్రాశాడు. దుఃఖములో ఉన్న ఇంటికి మనము తీసుకొనిపోవలసినది ఆ మాటయే గాని నింద కాదు.

మూడవది: పాళెము కదలలేదు

ఇది అన్నిటికంటె ముఖ్యము. మిర్యాము కుష్ఠు కలిగినదై పాళెము వెలుపల ఏడు దినములు ఉండవలసి వచ్చింది. అదియు తన తప్పిదమువలననే. వేరుగా ఉంచుట నిజమే. మరి జనము ఏమి చేసింది? ఆమెను వెనుక విడిచి ప్రయాణము సాగించలేదు. ఆమె తిరిగి చేర్చబడువరకు అందరును ఆగారు. ఆరు లక్షలకు పైబడిన పురుషులు, స్త్రీలు, పిల్లలు, పశువులు, ఎడారి ఎండ! ఒక్క స్త్రీకొరకు ఏడు దినములు.

వేరుగా ఉంచుట వేరు, విడిచిపెట్టుట వేరు. ఈ భేదము మనము నేర్చుకోవాలి. 1994లో సూరత్ నుండి లక్షలాదిమంది రైళ్ళెక్కి పోయారు. వారిలో అక్కడి మగ్గములమీద పనిచేసే మన వరంగల్, కరీంనగర్, నల్గొండ వారును ఉన్నారు. బుద్ధిమంతుడు అపాయము చూచి దాగుకొంటాడని సామెతల గ్రంథము చెప్పుచున్నది. పిల్లలను తీసుకొని తొలగిపోయినవారిని నిందించను. అయితే సూరత్‌లో తలుపులు మూసుకొని వెళ్ళిపోయిన వైద్యులును ఉన్నారు, రోగుల మంచముల దగ్గర నిలిచినవారును ఉన్నారు. అపాయమును తప్పించుకొనుట జ్ఞానము. అపాయములో ఉన్నవానిని తప్పించుకొనుట జ్ఞానము కాదు. ఆ పట్టణమును మరల నిలబెట్టినది కూడ పారిపోవుట కాదు, చీపురు. 1995లో మున్సిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావుగారు చెత్త ఎత్తించి, మురుగు బాగుచేయించగా, రెండేళ్ళు తిరుగకముందే సూరత్ శుభ్రతకు పేరుపొందింది.

మన దగ్గర పాళెము ఆగుట అంటే ఏమిటి? వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కగట్టి కూలి తీసుకొనే తల్లి, మంచము పట్టిన కొడుకు ప్రక్కన కూర్చుంటే ఆ రోజు కూలి లేదు. 2020 లాక్‌డౌనులో కార్ఖానాలు మూతపడినప్పుడు ఆకు లేదు, పొగాకు లేదు, చేట ఖాళీ. అది మీకు నేను చెప్పనక్కరలేదు. కనుక ఒక ఇంటికి రోగము వస్తే ఆ ఇంటి బియ్యము ఎవరు చూస్తారు, బీడీలు కార్ఖానాకు ఎవరు చేరుస్తారు, పిల్లలను బడికి ఎవరు పంపుతారు అని సంఘము ముందే మాట్లాడుకోవాలి. దగ్గరకు పోకూడని రోగమైతే గడప దగ్గర గిన్నె పెట్టి పేరు పెట్టి పిలవండి. లేవీయకాండము 14వ అధ్యాయములో యాజకుడే పాళెము వెలుపలికి పోయి రోగిని చూస్తాడు. ప్రభువైన యేసు అంతకంటె దగ్గరకు పోయి కుష్ఠరోగిని ముట్టాడు.

ఆచరణకు నాలుగు మాటలు

ఒకటి: నల్లా రోజూ రాని చోట డ్రమ్ములో నిలువ ఉంచిన నీరు మరగకాచి త్రాగండి, డ్రమ్ముమీద మూత ఉంచండి, చెంబు ముంచే చేయి కడుగుకొనండి. రెండు: మాంసము పూర్తిగా ఉడికించండి; పచ్చిమాంసము కోసిన కత్తి, పీట కడుగక కూరగాయలు కోయవద్దు. మూడు: ఫోనులో వచ్చిన వార్త ఎవరు చెప్పారో తెలియకపోతే ఇంకొకరికి పంపవద్దు. నాలుగు: ప్రతి వీధిలో ఇద్దరు, ఎవరి ఇంట్లో జబ్బున్నదో కనుక్కొని సంఘపెద్దలకు తెలియజేయండి. పేరు చాటించుటకు కాదు, అన్నము పంపుటకు.

దేహపు రక్షణశక్తి దారి తప్పితే తన నరములనే గాయపరచునని చెప్పుకొన్నాము. సంఘమునకు కూడ భయమువలన అదే జబ్బు రాగలదు. కాపాడుకొనుటకు లేచిన చేయి మన అవయవమునే కొట్టును. ఆ జబ్బునకు మందు ప్రేమ ఒక్కటే.

తెలియని దినములలో ఆగి చూచు ఓర్పును, మందును ప్రార్థనను కలిపి పట్టుకొను జ్ఞానమును, ఒక్కరి కొరకు అందరును నిలుచు ప్రేమను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.